ఫాస్ వే మీద ఆరు రోజులు, నాన్నగారితో

ఏడేళ్ళ నించి ఆఫీసుకి వెళ్ళేటప్పుడు నేను రోజూ ఎక్కే రోడ్డు ఒకటుంది. లీమింగ్టన్ స్పా దాటాక వస్తుంది, నంబరు బి4455, బోర్డు మీద ఫాస్ వే అని రాసుంటుంది. మెలిక లేకుండా గీత గీసినట్టు పోతుంది. ఇంగ్లండ్‌లో మిగతా పల్లెటూరి రోడ్లన్నీ పాములా తిరుగుతుంటే ఇదొక్కటే ఎందుకిలా ఉందని నాకెప్పుడూ తట్టలేదు. నాన్నగారు ఏప్రిల్‌లో వచ్చారు, ఎయిర్‌పోర్ట్ నించి తీసుకొచ్చిన మూడో రోజునే కార్లో పక్క సీట్లో కూర్చుని "అమ్మలూ, ఈ అలైన్‌మెంట్ ఎవరిచ్చారే?" అని అడిగారు.

ఆయన ఆర్ అండ్ బి లో ముప్పై మూడేళ్ళు చేసి డీఈఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌గా) రిటైర్ అయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం పశ్చిమ గోదావరిలోనే, నల్లరేగడి నేలల్లో, కాలువ గట్ల మీద. రోడ్డు చూస్తే ఆగలేరు. రాత్రి కూర్చుని వెతికాం. రోమన్లు వేసిన రోడ్డు. క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి సైన్యం బ్రిటన్‌లో దిగింది, తర్వాత కొన్నేళ్ళలోనే వేశారు, నైరుతిలో ఎక్సెటర్ నించి ఈశాన్యంలో లింకన్ దాకా దాదాపు 370 కిలోమీటర్లు. అందులో ఇల్చెస్టర్ నించి లింకన్ వరకు 290 కిలోమీటర్లు ఉంటే, మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసిన గీతకి పది కిలోమీటర్లకి మించి ఎక్కడా పక్కకి జరగలేదట. నాన్నగారు అది చదివి కళ్ళజోడు తీసేసి కాసేపు ఏం మాట్లాడలేదు.

మే చివర్లో సెలవు పెట్టాను. మొత్తం నడవడానికి ఆయన మోకాళ్ళు ఒప్పుకోవు, అందుకని బాత్ నించి లెస్టర్ దాకా అనుకున్నాం, బాగున్న చోట నడవడం, బళ్ళు జోరుగా పోయే చోట కారు. మా ఆయన వీలైన రోజు దింపి, ముందు ఊళ్ళో ఎక్కించుకునేలా మాట్లాడుకున్నాం. అమ్మ పిల్లల దగ్గర ఉంటానంది, పులిహోర కట్టిచ్చింది.

మొదటి రోజు, శనివారం: బాత్

బాత్‌లో రోమన్ స్నానాల గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. పెద్ద కోనేరులాంటిది, ఆకుపచ్చ నీళ్ళు, పైన ఆవిరి. భూమిలోంచి 46 డిగ్రీల వేడి నీళ్ళు రోజుకి 11 లక్షల లీటర్లకి పైగా ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. జనమంతా విగ్రహాల దగ్గర ఫోటోలు దిగుతుంటే నాన్నగారు కిందికి వంగి అడుగున పరిచిన సీసం రేకులు చూస్తున్నారు, అవి రోమన్లు వేసినవే, ఇంకా నీళ్ళు పట్టుకునే ఉన్నాయి. అక్కణ్ణించి డ్రైన్ దగ్గరికి తీసుకెళ్ళా. ఎక్కువైన నీళ్ళు పొర్లి రోమన్లు కట్టిన కాలువలోంచే ఏవన్ నదికి పోతున్నాయి. ఆ చప్పుడు వింటూ పావుగంట నించున్నారు. "రెండు వేల ఏళ్ళు పని చేస్తున్న డ్రైన్ అమ్మలూ" అన్నారు, తర్వాత మధ్యాహ్నం భోజనం దగ్గర మళ్ళీ అదే మాట.

నాకు నచ్చినవి శాపాల రేకులు. దొంగతనం జరిగితే చిన్న లోహపు రేకు మీద రాసి సులిస్ మినర్వా అమ్మవారి ఊటలో వేసేవాళ్ళు, అలాంటివి 130 దాకా దొరికాయి. డొసిమెడిస్ అనే ఆయన చేతి తొడుగులు రెండు పోయాయట, తీసినవాడికి మతి పోవాలి కళ్ళు పోవాలి అని అమ్మవారికి మొరపెట్టుకున్నాడు. మా ఊళ్ళో కోడి పోతే గ్రామదేవత గుడి ముందు నించుని దుమ్మెత్తి పోసే మామ్మలు గుర్తొచ్చారు.

సాయంత్రం బాతీస్టన్ నించి బ్యానర్‌డౌన్ కొండెక్కాం, అదే ఫాస్ వే. పైన మూడు జిల్లాలు కలిసే చోట మూడు రాళ్ళు నిలబెట్టి మీద ఇంకో బండ పెట్టారు, త్రీ షైర్ స్టోన్స్ అంటారు. 1859లో పెట్టినవే కానీ చూడ్డానికి అచ్చం మన రాకాసి గుళ్ళలా ఉంది. ఈ రోడ్డు పొడుగునా చాలా చోట్ల అటో జిల్లా ఇటో జిల్లా. రోమన్లు వెళ్ళిపోయాక వచ్చినవాళ్ళు సరిహద్దు గీసుకోవాల్సొస్తే చెదిరిపోని గీత ఇదొక్కటే కనిపించినట్టుంది.

రెండో రోజు: గ్రిటిల్‌టన్ నించి ఈస్టన్ గ్రే

ఈ ఆరు రోజుల్లో నాకు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చేది ఈ రోజే. విల్ట్‌షైర్‌లో ఈ ముక్క మీద తారు లేదు, మెయిన్ రోడ్డు ఇంకెటో పోయింది కాబట్టి రోమన్ దారి పొలాల మధ్య మట్టి బాటగా మిగిలిపోయింది. అటూ ఇటూ ముళ్ళ కంచెలు, తెల్లపూలు విరగబూసి ఉన్నాయి, మధ్యలో బండి చక్రాల గాళ్ళు, గాళ్ళ మధ్య గడ్డి. నాన్నగారు చూడగానే "పుంత!" అన్నారు. నిజంగా మా గోదావరి పుంతే, తాటిచెట్లు లేవు అంతే.

ఎం4 మోటార్‌వే ఈ దారికి అడ్డంగా పోతుంది. దాన్ని దాటాక ఒక అరగంట దాకా ఆ హోరు వెనకాలే వస్తుంది, మెల్లగా తగ్గి పిట్టల చప్పుడు మొదలవుతుంది.

ఒక చోట బాట పక్క పొలం కంటే మోకాలెత్తు పైకి ఉంది. నేను మామూలు గట్టనుకుని నడిచేస్తున్నా, ఆయన ఆగిపోయారు. కర్రతో పక్కన పొడిచి చూశారు, గడ్డి కింద పల్లం, అవతల వైపూ పల్లం. అప్పుడు కూర్చోబెట్టి పాఠం చెప్పారు, నాకు గుర్తున్నంత వరకు రాస్తా. రెండు పక్కలా కాలువ తవ్వుతారు, ఆ తవ్విన మట్టి మధ్యలో పోస్తే కట్ట లేస్తుంది, దాని మీద పెద్ద రాళ్ళు, వాటి మీద చిన్న రాళ్ళు, పైన గ్రావెల్ వేసి దిమ్మిస కొడతారు, మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా కేంబర్ ఇస్తారు, వాన పడితే నీళ్ళు రెండు పక్కలకీ జారి కాలువలో పడతాయి. "మన డబ్ల్యూబిఎం రోడ్డు కూడా ఇదే కదా. సోలింగ్ రాయి, దాని మీద మెటల్, అదే కంకర, పైన గ్రావెల్ బ్లైండేజీ. రోలర్ ఒక్కటి లేదు వీళ్ళకి."

డబ్ల్యూబిఎం అంటే వాటర్ బౌండ్ మెకాడమ్, ఆ మెకాడమ్ అనే మనిషి 1816లో రోడ్ల సర్వేయర్‌గా పని చేసింది బ్రిస్టల్‌లో, అంటే మేం నించున్న చోటికి గంటలోపు దూరం. ఆ పేరు ముప్పై మూడేళ్ళు ఎస్టిమేట్లలో రాస్తూ వచ్చిన నాన్నగారికి అది మనిషి పేరని తెలుసు కానీ ఊరు తెలీదట. "ఇక్కడివాడా!" అని బ్రిస్టల్ ఎటుందో అడిగి అటు తిరిగి చూశారు.

ఫాస్ అనే పేరే లాటిన్‌లో కాలువ, కందకం అనే మాట నించి వచ్చింది. మొదట్లో ఇది రోమన్ల సరిహద్దు గీత అని, ఇటు వాళ్ళ రాజ్యం అటు లొంగని తెగలు అని చాలాకాలం చెప్పారు, ఇప్పటి చరిత్రకారుల్లో చాలామంది అంత సూటిగా ఒప్పుకోరు. నాన్నగారికి ఆ వాదనతో పని లేదు. రోడ్డుకి కాలువ పేరు పెట్టడం ఆయనకి భలే నచ్చింది. "రోడ్డుకి శత్రువు లారీ కాదమ్మా, నీళ్ళు. కాలువ బతికుంటే రోడ్డు బతికుంటుంది. మా వాళ్ళకి ఎంత చెప్పినా తారు మందం గురించే అడిగేవాళ్ళు."

మధ్యాహ్నం కంచె పక్కన కూర్చుని పులిహోర తింటున్నప్పుడు ఆయన మొదటి రోడ్డు గురించి చెప్పారు, నేనెప్పుడూ వినలేదు. ఏఈగా చేరిన కొత్తలో కాలువ గట్టు మీద రెండు ఊళ్ళని కలుపుతూ 5 కిలోమీటర్ల లింకు రోడ్డు. అంతకు ముందు ఆ ఊళ్ళో పురుడొస్తే వానాకాలం మంచం మీద మోసుకెళ్ళేవాళ్ళట. పని జరిగినన్నాళ్ళూ ఆయనా, వర్క్ ఇన్‌స్పెక్టరూ ఒక పాకలో ఉండి వండుకు తిన్నారు. నేను పుట్టింది ఆ ఏడాదే. అమ్మ ఎప్పుడూ చెప్పేది, నువ్వు పుట్టిన పదకొండో రోజుకి గానీ మీ నాన్నగారు రాలేదు అని. ఎందుకు రాలేదో ఇక్కడ, విల్ట్‌షైర్ పుంతలో తెలిసింది. తుఫాను వస్తోందని కబురొస్తే పోసిన మెటల్ కొట్టుకుపోకుండా మనుషుల్ని పెట్టుకుని రాత్రీ పగలూ సైడు కాలువలు తీయించారట. నేనేం అనలేదు, ఇంకాస్త పులిహోర పెట్టా.

ఈస్టన్ గ్రే దగ్గర దారి ఏవన్ నది దాటుతుంది. అక్కడ వైట్ వాల్స్ అనే చోట రోమన్ల కాలంలో చిన్న ఊరుండేది, ఇప్పుడు పచ్చటి పొలం, పైకి ఏమీ కనపడదు. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన కలిశాడు, చలికాలం పెద్ద పెద్ద జీపులేసుకుని సరదాకి వచ్చి దారంతా గుంటలు చేసిపోతారని బాధపడ్డాడు. నాన్నగారు నా చేత ట్రాన్స్‌లేట్ చేయించి మరీ, పక్క కాలువలు మళ్ళీ తీస్తే ఆ గుంటల్లో నీళ్ళు నిలవవని చెప్పారు. ఇద్దరూ కలిసి కర్రలతో పొడుస్తూ కాలువ ఎక్కడుందో వెతుక్కుంటూ కొంత దూరం పోయారు.

మూడో రోజు: థేమ్స్ పుట్టిన చోటు, సైరెన్సెస్టర్

కెంబుల్ దగ్గర ఫాస్ వేకి కాస్త పక్కన పొలంలో ఒక చెట్టు కింద రాయి ఉంది, అక్కడే థేమ్స్ నది పుట్టిందంటారు. మేం వెళ్ళినప్పుడు చుక్క నీరు లేదు, రాళ్ళ గుంట మాత్రం ఉంది. నాన్నగారు చెప్పులిప్పి నించున్నారు. త్ర్యంబకంలో గోదావరి పుట్టిన చోట కూడా అలాగే నించున్నారు, నది ఎవరిదైనా ఆయన అంతే.

సైరెన్సెస్టర్ రోమన్ల కాలంలో కొరీనియం, బ్రిటన్‌లో లండన్ తర్వాత అంత విస్తీర్ణం ఉన్న ఊరు. ఇక్కడ ఫాస్ వేకి ఇంకో రెండు పెద్ద రోడ్లు కలుస్తాయి. ఊరి బయట గడ్డి కప్పేసిన యాంఫీథియేటర్ ఉంది, ఎక్కి కూర్చుంటే గుండ్రటి చెరువు గట్టు మీద కూర్చున్నట్టుంటుంది. కొరీనియం మ్యూజియంలో 1971లో తవ్వకాల్లో దొరికిన కుందేలు మొజాయిక్ చూడాలి. చిన్న చిన్న రాతి ముక్కలతో మేత మేస్తున్న కుందేలు, దాని వీపు మీద బొచ్చు కూడా తెలుస్తుంది.

నాణేల దగ్గర మాత్రం నా అడుగు పడలేదు. చిన్నప్పుడు స్కూలు ఎక్స్‌కర్షన్‌లో నాగార్జునకొండకి లాంచీలో వెళ్ళాం, అక్కడ తవ్వకాల్లో టైబీరియస్ చక్రవర్తి బంగారు నాణెం దొరికిందని సార్ చెప్తే రోమ్ ఎక్కడ నాగార్జునకొండ ఎక్కడ అనుకున్నా. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో అయితే 1,500కి పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. ఈ రోడ్డు వేసే రోజుల్లో మన దగ్గర శాతవాహనులు. కృష్ణా తీరాన్ని గ్రీకు వర్తకులు మసాలియా అనేవాళ్ళు, అక్కడి సన్నటి బట్ట కోసం సముద్రాలు దాటి వచ్చేవాళ్ళు. ఒక కొసన మా బందరు, ఇంకో కొసన ఈ చలి ఊరు, రెండింటినీ ముట్టుకున్నది ఒకే రాజ్యం డబ్బు. నాన్నగారికి ఇది చెప్తే "రోడ్డు ఉంటే సరుకు వస్తుంది, సరుకు వస్తే డబ్బు వస్తుంది, వేరే ఏముంది" అని తేల్చేశారు.

నాలుగో రోజు: కార్లోనే

సైరెన్సెస్టర్ నించి మోర్టన్ దాకా ఫాస్ వే ఇప్పుడు ఎ429. నడవడానికి లేదు. ఫాస్‌బ్రిడ్జ్ దగ్గర కొండ దిగి కోల్న్ నది దాటి మళ్ళీ ఎక్కుతుంది, నాన్నగారు గ్రేడియంట్ ఎంతో అంచనా కడుతూ కూర్చున్నారు. నార్త్‌లీచ్, పక్కన బోర్టన్ (టూరిస్టులే టూరిస్టులు, ఆగలేదు), కొండ మీద స్టో, గాలి చెవులు కోసేసింది. మోర్టన్ ఇన్ మార్ష్‌లో ఊరి మెయిన్ బజారే ఫాస్ వే, మంగళవారం కాబట్టి సంత జరుగుతోంది. రోమన్ రోడ్డు మీద సంతలో అమ్మకి ఊలు శాలువా, నాన్నగారికి చెక్క చేతికర్ర కొన్నాం.

ఐదో రోజు: మా ఇంటి దారి

వార్విక్‌షైర్‌లోకి వచ్చేశాం, రాత్రి ఇంట్లోనే పడుకుని పొద్దున్నే బయల్దేరాం. స్ట్రెటన్ ఆన్ ఫాస్, కాస్త పైకి పోతే స్ట్రెటన్ ఆన్ డన్స్‌మోర్. స్ట్రెటన్ అంటే వీధి మీద ఊరు. స్ట్రీట్ అనే మాటే లాటిన్‌లో రాళ్ళు పరిచిన దారికి ఉన్న స్ట్రాటా నించి వచ్చింది. ఊరి పేరులో చెస్టర్ ఉంటే అక్కడ రోమన్ల కోటో ఊరో ఉండేదన్నమాట చాలాసార్లు. చెస్టర్టన్ బోర్డు నేను ఏడేళ్ళుగా చూస్తున్నా. అక్కడ కొండ మీద ఆరు కమానుల మీద నిలబడ్డ గాలిమర ఉంది, 1632-33లో కట్టింది, పిల్లల్ని పిక్నిక్‌కి తీసుకెళ్తుంటాం. దాని దగ్గరలో ఫాస్ వే మీదే రోమన్ల చిన్న ఊరు ఉండేది, పొలంలో ఇప్పటికీ గట్లు తెలుస్తాయి, రోడ్డు సరిగ్గా ఆ ఊరి మధ్యలోంచి పోతుంది. అంటే నేను రోజూ మీటింగ్‌కి లేటవుతోందని తొందరపడుతూ ఒక ఊరి మధ్యలోంచి కారు తోలుకుపోయాను. బండి ఆపి గేటు దగ్గర నించుని ఆ గట్లు చూస్తుంటే, ఇన్నాళ్ళూ ఇక్కడే ఉండి చూడలేదే అని మనసు చివుక్కుమంది.

సర్వే ఎలా చేశారు అని నేను అడిగా. ఆయన మోర్టన్‌లో కొన్న కర్ర నేలలో గుచ్చి దాని మీద ఇంకో రెండు పుల్లలు అడ్డంగా పెట్టి చూపించారు. రోమన్లు గ్రోమా అనేవాళ్ళు, నాలుగు చేతులకీ దారాలు, దారాలకి గుండ్లు, వాటిలోంచి చూసి తిన్నగా కర్రలు పాతుకుంటూ పోవడమే. "మేం పాలిటెక్నిక్‌లో క్రాస్ స్టాఫ్ అని వాడాం, దాని తాత ఇది." ఎత్తైన చోట నించి ఇంకో ఎత్తైన చోటుకి చూసుకుంటూ పోయారు కాబట్టే ఈ రోడ్డు ఎక్కడైనా కాస్త వంగితే గుట్ట మీదే వంగుతుందట. తర్వాత రోజంతా మేం అదే గమనించాం, నిజమే.

ఆఫ్‌చర్చ్ దగ్గర హెచ్‌ఎస్2 కొత్త రైలు మార్గం ఫాస్ వేకి అడ్డంగా వెళ్తుంది. పని జరుగుతోంది, పెద్ద పెద్ద ఎక్స్‌కవేటర్లు. కంచె బయటి నించి గంటసేపు చూశారు. నేను కార్లో కూర్చుని ఆయన్నే చూశా.

ఆరో రోజు: హై క్రాస్, లెస్టర్

వాన. బ్రింక్లో, మాంక్స్ కర్బీ దాటాక హై క్రాస్ వస్తుంది. ఫాస్ వే, వాట్లింగ్ స్ట్రీట్, రెండు మహా రోడ్లు కలిసే కూడలి, రోమన్ల కాలంలో వెనొనిస్ అనే ఊరు. వాట్లింగ్ స్ట్రీట్ అంటే ఇప్పటి ఎ5. 1712లో ఒక స్తంభం కట్టారు, 1791లో పిడుగు పడి విరిగింది, మిగిలిన మొండెం ఉంది. బెజవాడ జంక్షన్ లాంటి చోటు కదా, జనం లేరు, ఆ వానలో మేమిద్దరమే.

అక్కణ్ణించి షార్న్‌ఫర్డ్ వైపు ఫాస్ వే మళ్ళీ గడ్డి బాట అవుతుంది. గొడుగేసుకుని నడిచాం. చెప్తే నమ్మరు, అంత వానలోనూ మధ్య బాట మీద నీళ్ళు నిలవని ముక్కలున్నాయి, పక్కకి జారిపోతున్నాయి. నాన్నగారు గొడుగు నాకిచ్చేసి తడుస్తూ ఫోన్‌లో వీడియో తీసుకున్నారు, నీళ్ళు జారేది మాత్రమే, ఆయన మొహం గానీ నా మొహం గానీ అందులో లేదు.

లెస్టర్‌లోకి ఫాస్ వే నార్‌బరో రోడ్డుగా వస్తుంది. ఇరవైకి పైగా దేశాల నించి వచ్చినవాళ్ళ దుకాణాలు ఈ ఒక్క వీధిలోనే ఉన్నాయని 2016లో ఒక స్టడీలో తేలింది. ఊళ్ళో జ్యూరీ వాల్ చూశాం, రోమన్ స్నానశాల గోడ, 9 మీటర్ల ఎత్తు. ఆ తర్వాత అటు చివర రోడ్డు బయటికి పోయేది బెల్‌గ్రేవ్ రోడ్ మీదుగా. మేం నెలకోసారి కూరలకీ చీరలకీ వెళ్ళే గోల్డెన్ మైల్ అదే! 1972లో ఉగాండా నించి వెళ్ళగొడితే వచ్చిన గుజరాతీలు నిలబెట్టిన బజారు, బంగారం కొట్లు, మిఠాయి కొట్లు. నేనిన్నాళ్ళూ నించుని కొత్తిమీర బేరమాడింది రోమన్ రోడ్డు మీద.

టీ కొట్లో కూర్చున్నాం. తడిసిన చొక్కాతోనే నాన్నగారు ఫోన్ తీసి ఎవరికో వాట్సాప్ కాల్ చేశారు. ఆ పాకలో కలిసి ఉన్న వర్క్ ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు డెబ్బై దాటిన మనిషి, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, భోజనం చేసి అరుగు మీద కూర్చున్నట్టున్నాడు. వీడియో పంపాను చూడవయ్యా అన్నారు, బాగున్నావా పిల్లలు బాగున్నారా అన్నారు, ఇంక నేను టీ డబ్బులిచ్చి వచ్చేసరికి వినబడింది.

"అది సరే, మన గట్టు రోడ్డు మీద ఎడం పక్క సైడు కాలువ ఎలా ఉంది? పూడిపోయిందా?"

అటు నించి కాసేపు ఏం వినపడలేదు. తర్వాత ఆయన అన్నాడు, అటు వెళ్ళి చాలా కాలమైంది సార్, పొద్దున్నే మావాడి బండి మీద వెళ్ళి చూసి ఫోటో పెడతాను అని.